పదకొండో ఏట పోయిన థామసిన్

నార్విచ్,
1611 సెప్టెంబర్ 12

చిరంజీవి తమ్ముడు జెర్వేస్‌కి, మార్స్విక్ ప్రభువులవారికి, అక్క థామసిన్ రాసేది.

నువ్వూ, నీ భార్యా, పిల్లవాడూ క్షేమమని తలుస్తాను. నేను చనిపోయానని నాకు మొన్న మంగళవారం తెలిసింది.

వివరంగా రాస్తాను, ఓపికగా చదువు. మా అమ్మాయి ఉర్సులాకి సంబంధం కుదిరింది. సఫోక్‌లో టాలార్డ్ గారని పెద్ద భూస్వామి ఉన్నాడు. ఆయన రెండో కొడుకు మైల్స్ పెళ్లికొడుకు. కుర్రవాడు నెమ్మదస్తుడు, మా అమ్మాయంటే ప్రాణం. తండ్రికి మాత్రం వంశాల పిచ్చి. ఇంట్లో పెద్ద హాలు కిటికీకి రంగుల అద్దాలు పెట్టిస్తున్నాడు. కోడళ్ల పుట్టింటి చిహ్నాలన్నీ ఆ అద్దాల్లో ఉండాలట. నేను పెల్వర్త్ వారి ఆడపడుచునని, మార్స్విక్ ప్రభువు నా తోడబుట్టినవాడని తెలిశాక, నేతగాడి కూతురైనా ఫరవాలేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోక, లండన్‌లో వంశావళి అధికారుల కచేరీకి మనిషిని పంపి మన వంశవృక్షం నకలు తెప్పించాడు.

ఆ కాగితం నా ముందు పెట్టి వేలుతో చూపించాడు. అమ్మా నాన్నల పేర్లు ఉన్నాయి. నీ పేరు ఉంది, నీ పెళ్లి ఉంది. నీ పక్కన నేను: "థామసిన్, పదకొండో ఏట మరణించింది. సంతానం లేదు." కింద నీ సంతకం. రాణీగారి కాలంలో, 1587లో, అధికారులు మీ జిల్లాకి వచ్చి ఇంటింటి వంశమూ రాసుకున్నప్పుడు నువ్విచ్చిన వివరమట అది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. యోస్ట్‌ని పెళ్లాడి మూడేళ్లయింది. ఇక్కడ మగ్గాల చప్పుడు మధ్య నిక్షేపంలా బతికే ఉన్నాను.

నేను మీ అందరికీ చెప్పకుండా ఫ్లాండర్స్ నుంచి వచ్చిన నేతగాణ్ణి చేసుకున్నాను. నిజమే. నాన్న నా మొహం చూడనన్నారు. అదీ నిజమే. కానీ చంపమని ఎవరు చెప్పార్రా నీకు?

నాకు నీ ఆస్తి అక్కర్లేదు, నీ పలకరింపూ అక్కర్లేదు. కచేరీకి ఒక్క ముక్క రాసి ఆ తప్పు దిద్దించు. క్రిస్మస్ లోపల దిద్దించకపోతే టాలార్డ్ గారు సంబంధం వదులుకుంటానంటున్నాడు. చచ్చిపోయిన పిల్ల పేరు చెప్పుకుని తిరిగే ఆడదాని కూతుర్ని ఎవరు చేసుకుంటారు?

అమ్మ చూపు ఎలా ఉంది? ఏటా కొత్త సంవత్సరానికి ఆవిడకి ఒక జత చేతి తొడుగులు, ఒక ఉత్తరం పంపుతూనే ఉన్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. కోపం తగ్గలేదేమో.

నీ అక్క,
థామసిన్


మార్స్విక్,
1611 అక్టోబర్ 6

నార్విచ్‌లో ఉంటున్న విధవరాలు థామసిన్ గారికి,

మీ ఉత్తరం అందింది. నా కార్యదర్శి చేత ఈ జవాబు రాయిస్తున్నాను.

ఆ వంశవృక్షం నేను సంతకం చేసి అధికారులకు అప్పగించినది. అది ఉన్నట్టే ఉంటుంది. ఆ సంవత్సరమే నాకు ఎర్ల్ అంతటి పెద్ద ప్రభువు అమ్మాయితో పెళ్లి. పెల్వర్త్ ఇంట్లో నేతగాడు బావగా ఉంటే పిల్లనివ్వనని ఎర్ల్ గారు మొహం మీదే అన్నారు. లేడని రాసిచ్చాను. ఇప్పుడు ఉన్నాడని రాస్తే నా పెళ్లి అబద్ధం మీద జరిగిందని నేనే ఒప్పుకున్నట్టు. ఆ పని నా వల్ల కాదు.

ఇంకొక మాట. మా బిరుదు కొడుకు లేకపోతే ఆడపడుచుకి, ఆమె పిల్లలకి పోతుందని మీకు బాగా తెలుసు. నాకున్నది ఒక్కడే కొడుకు, ఆల్బన్. వాడికి తొమ్మిదేళ్లు, ప్రతి చలికాలం దగ్గుతో మంచం పడతాడు. ఇరవై నాలుగేళ్లు కనిపించని తప్పు మీకు ఇప్పుడే కనిపించింది! పెళ్లి పేరు చెప్పి మీరు దేనికి ఎసరు పెడుతున్నారో గ్రహించలేనంత అమాయకుణ్ణి కాను.

అమ్మగారికి చూపు పూర్తిగా పోయింది. ఆవిణ్ణి కదిలించవద్దు.

మార్స్విక్ ప్రభువు,
జెర్వేస్ పెల్వర్త్


నార్విచ్,
1611 అక్టోబర్ 29

ఒరేయ్ జెర్వేస్,

"గారు" అట! నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని. నువ్వు పక్క తడిపితే అమ్మకి తెలియకుండా దుప్పటి మార్చినదాన్ని. ఆ కార్యదర్శి ఇది కూడా చదువుతాడేమో, చదవనీ.

నీ కొడుక్కి దగ్గు ఉందన్న సంగతి నాకు నీ ఉత్తరం చూశాకే తెలిసింది. వాడికి ఆల్బన్ అని పేరు పెట్టావని కూడా. తొమ్మిదేళ్ల పిల్లవాడి చావు కోసం నేను కాచుక్కూర్చున్నానా? అంత మాట ఎలా వచ్చిందిరా నీకు? ఉర్సులాకి చిన్నప్పుడు ఇలాగే దగ్గు వచ్చేది. మా వీధిలో ఒక ఫ్లెమిష్ ముసలామె ఆకు పసర్లు తేనెలో కాచి పాకం చేస్తుంది. ఒక సీసా ఈ ఉత్తరం తెచ్చే బండివాడితోనే పంపుతున్నాను. పొద్దున, సాయంత్రం ఒక్కో చెంచా. చల్లనీళ్లు తాగనివ్వకు.

నా సంగతి చెబుతాను, విను. యోస్ట్ పోయి మూడేళ్లయింది. ఉన్నన్నాళ్లూ నన్ను నెత్తిన పెట్టుకున్నాడు, నీ ఎర్ల్ గారికి తెలియకపోతే ఆయన ఖర్మ. ఇప్పుడు నాకున్నది ఈ పిల్ల ఒక్కతే. మైల్స్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు, "మా నాన్న లోపలికి వెళ్లొద్దన్నాడండీ, గుమ్మంలో నిలబడొద్దని అనలేదు," అంటాడు. అది లోపల కూర్చుని ఏడుస్తుంది.

నీ పెళ్లి కోసం నన్ను చంపావు. సరే, అయిపోయింది. నా కూతురి పెళ్లి కోసం బతికించమంటున్నాను. బిరుదు వద్దని ఎక్కడ రాసివ్వమంటే అక్కడ రాసిస్తాను.

నీకు చేతకాకపోతే అమ్మకి చెప్పు. ఆవిడ ఒక్క మాట అంటే టాలార్డ్ గారికి చాలు.

నీ అక్క,
థామసిన్


మార్స్విక్,
1611 డిసెంబర్ 3

థామసిన్ గారికి,

టాలార్డ్ గారు నాకు స్వయంగా రాశారు. "నార్విచ్‌లో మీ అక్కనని చెప్పుకునే స్త్రీ ఎవరు? మోసగత్తె అయితే న్యాయాధికారికి పట్టిస్తాను," అన్నారు. ఆయనకి నేనింకా జవాబు ఇవ్వలేదు. మీ మీద కక్ష ఉంటే ఎప్పుడో ఇచ్చి ఉండేవాణ్ణి. అది గమనించండి.

ఆలోచించి ఒక దారి వెతికాను. మా నాన్నగారికి పెళ్లికి వెలుపల ఒక బిడ్డ ఉందని, ఆ బిడ్డే మీరని, పోయిన కూతురి పేరే మీకూ పెట్టారని నా స్వహస్తంతో టాలార్డ్ గారికి రాస్తాను. మీరు నార్విచ్‌లో బిషప్ గారి న్యాయస్థానంలో అదే ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అప్పుడు మీరు మోసగత్తె కారు. పెల్వర్త్ రక్తమే. ఇలాంటి బిడ్డలు లేని ఇల్లు ఈ దేశంలో లేదు. బిరుదుకు మాత్రం మీకు గానీ మీ అమ్మాయికి గానీ హక్కు ఉండదు. వద్దని మీరే అన్నారు.

నాన్నగారు పోయి ఇరవై ఆరేళ్లయింది. ఆయనకి వచ్చే నష్టం లేదు. అమ్మగారి దాకా ఈ మాట పోనివ్వను.

ఇంతకంటే నేను చేయగలిగింది లేదు.

జెర్వేస్ పెల్వర్త్


నార్విచ్,
1612 ఏప్రిల్ 30

మార్స్విక్ ప్రభువులవారికి,

తమరు చెప్పినట్టే చేశాను.

బిషప్ గారి న్యాయస్థానంలో బైబిల్ మీద చెయ్యి వేయించారు. గుమాస్తా కలం సిరాలో ముంచి, "తండ్రి పేరు?" అన్నాడు. చెప్పాను. "తల్లి పేరు?" అన్నాడు. నువ్వు ఉత్తరంలో ఆ సంగతే రాయలేదు. వెనక టాలార్డ్ గారు దగ్గుతున్నాడు. చివరికి మన పాల కొట్టంలో పనిచేసిన జోన్ పేరు చెప్పాను. పాపం ఆవిడ చచ్చి ఏ లోకాన ఉందో, ఏ మచ్చా లేని మనిషి. "అయితే మార్స్విక్ దొరసానికీ నీకూ ఏ సంబంధమూ లేదు?" అన్నాడు గుమాస్తా, అమ్మ సంగతి రాసుకోవడానికి. "లేదు," అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

టాలార్డ్ గారు మహా సంతోషించాడు. ప్రభువుల రక్తం ఏ దారిన వచ్చినా ప్రభువుల రక్తమేనట. కిటికీ అద్దంలో మన చిహ్నం వేయించాడు, దాని మీద అక్రమ సంతానానికి గుర్తుగా ఏటవాలుగా ఒక గీత గీయించాడు. పెళ్లి విందులో వచ్చినవాళ్లందరినీ పిలిచి ఆ గీత చూపించాడు. నేను హెరింగ్ చేప నోట్లో పెట్టుకుని మింగలేక, కక్కలేక కూర్చున్నాను. ఉర్సులా మాత్రం ఆ రోజు ఎంత బాగుందో! పెళ్లి ఈస్టర్ తరవాత రెండో గురువారం అయింది.

నువ్వు అడగలేదు. నేనే చెబుతున్నాను.

అమ్మకి ఇక ఉత్తరం రాయను. ఏమని రాయను?

థామసిన్


మార్స్విక్,
1612 మే 20

వేట మాంసం పంపుతున్నాను, పెళ్లికి కానుక అనుకోండి. ఇక మన మధ్య ఉత్తరాలు అవసరం లేదు.

జె. పెల్వర్త్


లండన్,
1613 సెప్టెంబర్ 20

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు, వేళ్లు వాచాయి.

ఆల్బన్ పోయాడు. దగ్గు కాదు, మశూచి. ఆగస్టు ఎనిమిదిన ఒళ్లు వెచ్చబడింది, పదిహేడున పోయాడు. వాడికి పదకొండో ఏడు అక్కా. ఆ కాగితంలో నీకు నేను రాసిన వయసు. వాణ్ణి పాతిపెట్టేటప్పుడు మతాధికారి ఆ వయసే పైకి చదివాడు.

నువ్వు పంపిన పాకం వాడికి ఇవ్వలేదు. నువ్వు అందులో ఏదో కలిపి ఉంటావని భయపడి పారబోయించాను. ఇది నీకు చెప్పకుండా మిగతాది రాయలేను.

నాకు ఒళ్లంతా నీరు పట్టింది. ఇక్కడి వైద్యుడు వసంతం దాకా బతుకుతానని మాట ఇవ్వనంటున్నాడు. నా వెనక బిరుదు, మార్స్విక్, అన్నీ చిన్నాన్న కొడుకు బ్రాండన్‌కి పోతాయి. వాడు నీకు గుర్తున్నాడుగా, కుక్కపిల్లల్ని చెరువులో విసిరి ఎంతసేపు ఈదుతాయో లెక్కపెట్టేవాడు. ఆల్బన్ సమాధి మీద మట్టి ఆరకముందే వచ్చి గదులు కొలుచుకున్నాడు. నువ్వు నాన్నకీ అమ్మకీ పుట్టిన బిడ్డవని రుజువైతే నువ్వూ, నీ తరవాత ఉర్సులా వారసులవుతారు. వాడికి పూచికపుల్ల కూడా దక్కదు.

నీ ప్రమాణం వెనక్కి తీసుకో. తమ్ముడి బలవంతం మీద చేశానని చెప్పు. నేనూ అదే చెబుతాను. కానీ మన ఇద్దరి మాటా ఇప్పుడు ఎవరూ నమ్మరని వకీలు అంటున్నాడు, ఇద్దరమూ అబద్ధం రాసినవాళ్లమే. నీ బాప్తిస్మం రాసిన ఆకు, అధికారులు వచ్చే ముందు, చర్చి పుస్తకంలోంచి నేనే చింపేశాను. మిగిలింది అమ్మ ఒక్కతే. నిన్ను కన్నానని ఆవిడ ప్రమాణం చేస్తే చాలు.

నీ ఉత్తరాలు ఒక్కటీ ఆవిడకి చదివి వినిపించలేదు. నువ్వు వెళ్లకముందే ఆవిడ చూపు తగ్గిందిగా, ఉత్తరాలన్నీ నేనే చదివేవాణ్ణి. చేతి తొడుగులు నా భార్య ఇచ్చిందని చెప్పేవాణ్ణి.

తిట్టు. కానీ రా.

నీ తమ్ముడు,
జెర్వేస్


నార్విచ్,
1613 అక్టోబర్ 2

తమ్ముడూ,

పిల్లవాడి సంగతి చదివాను. వాణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు నేను. వాడి కళ్లు ఏ రంగో నాకు తెలియదు. నీ భార్య ఎలా తట్టుకుంటోంది? ఆవిడ నా మొహం చూడదని తెలుసు, అయినా నేను ఏడ్చానని చెప్పు.

పాకం సంగతి నేను మరిచిపోతాను. ఉత్తరాల సంగతి మరవలేను. ఇరవైకి పైగా రాశాను జెర్వేస్. ఉర్సులా పుట్టినప్పుడు, నా రెండో బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు, యోస్ట్ పోయినప్పుడు. "నీ కూతుర్ని క్షమించు," అని ప్రతి ఉత్తరం చివరా రాశాను. ఆవిడ క్షమించలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆవిడేమో నేను మరిచిపోయాననుకుని ఉంటుంది. మా ఇద్దరి మధ్యా గోడలా కూర్చుని నువ్వు భోజనాలు చేస్తున్నావు.

వస్తాను. నీ కోసం కాదు. ఉర్సులాకి ఆరో నెల. అది మార్స్విక్ దొరసాని అవుతుందని చదవగానే నా ఒళ్లు పొంగిపోయింది. బిరుదు వద్దన్నదాన్నే కదా నేను? సిగ్గు లేదు నాకు. టాలార్డ్ గారు ఆ గీత చెరిపించడానికి అద్దాలవాణ్ణి వెతుక్కుంటాడని తలుచుకుని నవ్వుకున్నాను కూడా. దొంగ ప్రమాణం చేసినందుకు తెల్ల దుప్పటి కప్పుకుని చర్చిలో అందరి ముందూ నిలబడమంటారట. నిలబడతాను.

అమ్మకి ముందుగా నువ్వేమీ చెప్పకు. నేనే చెప్పుకుంటాను. కన్నతల్లి కదా, నా గొంతు వింటే చాలు.

నీ అక్క


లండన్,
1613 అక్టోబర్ 14

అక్కా,

వెంటనే బయలుదేరు, ఆలస్యమైంది. బ్రాండన్ నార్విచ్ నుంచి నీ ప్రమాణపత్రం నకలు తెప్పించి, మార్స్విక్ వెళ్లి, అమ్మ ముందు కూర్చుని చదివాడట. "మార్స్విక్ దొరసానికీ నాకూ ఏ సంబంధమూ లేదు" అన్న చోట ఆపి, ఆవిడ మొహం చూశాడట. ఆవిడ ఏడవలేదు. ఇంకోసారి చదవమందిట. ఇంటి పనిమనిషి నాకు కబురు పంపింది.

అది నేను రాయించిందేనని అమ్మకి ఉత్తరం పంపాను. అది కూడా బ్రాండనే చదివి వినిపించి ఉంటాడు, ఏం మార్చి చదివాడో తెలియదు.

వకీలు ముప్పయ్యో తేదీకి మార్స్విక్ చేరతాడు. ఆ ఊరి మతాధికారి సాక్షిగా ఉంటాడు. నేను మంచం దిగలేను.

జెర్వేస్


మార్స్విక్ నుంచి తిరుగుదారిలో,
1613 నవంబర్ 1

తమ్ముడూ,

పని కాలేదు. వకీలు నీకు సగమే చెబుతాడు, మిగతా సగం నేను చెప్పాలి.

అమ్మ నిప్పు దగ్గర కుర్చీలో ఉంది. చాలా చిక్కిపోయింది. వకీలు, మతాధికారి ఆవిడకి అటూ ఇటూ కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగి, "అమ్మా, నేను," అన్నాను. ఆవిడ కుర్చీలోంచి సగం లేవబోయి, మళ్లీ కూర్చుంది. నేను చూశాను. మతాధికారి కూడా చూశాడు, కావాలంటే అడుగు. ఆవిడకి నా గొంతు తెలిసింది జెర్వేస్. అందులో అనుమానం లేదు.

వకీలు అడిగాడు: "దొరసానిగారూ, ఈమె మీ కడుపున పుట్టిన థామసిన్ అవునా?"

"నాకు ఒక్కతే కూతురు బాబూ. పదకొండో ఏట పోయింది," అంది అమ్మ.

"అది పొరపాటున రాసిందని మీ అబ్బాయే ఒప్పుకున్నారు కదండీ."

"నా కొడుకు ప్రభువు. ప్రభువు అబద్ధం రాస్తాడా? ఈవిడ కూడా బైబిల్ మీద చెయ్యి పెట్టి, నాకు ఏమీ కానని చెప్పిందట. ఈవిడా అబద్ధం చెప్పిందా? వాళ్లిద్దరూ నిజమే చెప్పారు. నేనొక్కదాన్ని మధ్యలో అబద్ధం ఎందుకాడతాను? రాసుకో."

నేను వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఉత్తరాల సంగతి చెప్పాను. ఒకటొకటే, నాకు గుర్తున్నంతవరకు. మొదటిది ఏ నెలలో రాశానో, ఉర్సులా పుట్టినప్పుడు ఏం రాశానో, తమ్ముడు చదవలేదట అమ్మా అని. ఆవిడ అంతా విని వకీలుతో, "ఈవిడ ఎవరి ఉత్తరాల గురించో చెబుతోంది. నాకు ఏ ఉత్తరాలూ రాలేదు. అది కూడా రాసుకో," అంది. వకీలు రాశాడు. కాగితం మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపిస్తే ఆవిడే సంతకం చేసింది. బ్రాండన్‌కి ఇంక అడ్డు లేదు. వచ్చే ఏడు ఈ పాటికి మన గదుల్లో వాడి కుక్కలు పడుకుంటాయి.

వాళ్లిద్దరూ వెళ్లిపోయాక నేనూ లేచాను. అమ్మ, "ఆగు," అంది. "ఆ పాలమనిషి జోన్ బిడ్డవటగా నువ్వు. నిన్ను కన్నావిడ నిన్ను సరిగ్గా చూసుకుందా?"

ఇంకెలా అనగలను? "చూసుకుంది దొరసానిగారూ," అన్నాను.

"కొట్టేదా?"

"లేదండి. జ్వరం వస్తే పక్కనే కూర్చునేది. తల దువ్వేది."

"మరి ఆవిణ్ణి ఎందుకు విడిచిపెట్టి పోయావు?"

నా కూతురి పెళ్లి ఆగిపోతుందని భయం వేసిందని, అందుకే అలా ప్రమాణం చేశానని మాత్రం అన్నాను. ఆవిడ అడిగింది అది కాదని నాకు తెలుసు.

"ఆ పిల్ల పెళ్లయిందా?"

"అయిందండి."

"మొగుడు మంచివాడేనా?"

"మంచివాడు. పిల్లకి ఇప్పుడు ఏడో నెల."

అమ్మ నిప్పు వైపు మొహం తిప్పుకుంది. ఇంకేదో అడుగుతుందని నిలబడ్డాను. పనిమనిషి వచ్చి, బయట బండివాడు తొందర పెడుతున్నాడని చెప్పింది. అప్పుడు అమ్మ అంది: "వెళ్లు తల్లీ, చీకటి పడకముందే ఊరు దాటు. నా కూతురివే అయితే ఉండమనేదాన్ని."

థామసిన్